ఒక విశేషణము కథ

వియత్నాం దేశమున ఆంగ్లభాష నేర్చు బాలబాలికలకు తొలి పాఠములలోనే పరిచయమగు విశేషణములలో 'నైస్' అనునది యొకటి. మంచి మనిషి, మంచి ఇల్లు, ఇంపైన భోజనము — అన్నింటికిని ఈ యొక్క మాటయే చెల్లును. చూచుటకు చిన్నదైనను, దీనిని వశపరచుకొనుట వారికి సులభము కాదు.

మొదటి చిక్కు ఉచ్చారణము. వియత్నాం వారి సొంత మాటలలో సకారముతో ముగియునది లేదు. అందుచే క్రొత్తగా నేర్చువారి నోట 'నైస్' తరచుగా 'నై' వద్దనే నిలిచిపోవును. రెండవది పదముల వరుస. 'అందమైన ఇల్లు' అని మనమన్నట్లే ఆంగ్లేయులును విశేషణమును ముందుంచెదరు. వియత్నాం వారు ఇంటిని ముందు చెప్పి, అందమును పిదప చెప్పుదురు.

మూడవ చిక్కు అర్థమునకు సంబంధించినది. 'నైస్ డిస్టింక్షన్' అని యొక గ్రంథమున నున్నదనుకొందము. విద్యార్థి దానిని 'ఇంపైన భేదము' అని తలచును. కాని యచ్చట 'సూక్ష్మమైన భేదము' అని యర్థము. ఇట్లేల కలిగెను?

లాటిన్ భాషలో 'నే' యనగా లేమి. 'స్కీరే' యనగా తెలియుట. వీనినుండి పుట్టిన 'నెస్కియుస్' అను మాటకు తెలియనివాడని యర్థము. అది ఫ్రెంచి భాష మీదుగా 1300 ప్రాంతమున ఆంగ్లమును చేరెను. నాడు 'నైస్' అనిపించుకొనుట నింద, తెలివిమాలినవాడనియే భావము. తరువాత నది ప్రతిదానికిని వంకలు పెట్టు అతిసుకుమారునకు చెల్లెను. అట్టివాడు స్వల్పభేదమునైనను గుర్తించును గదా! అందుచే 16వ శతాబ్దమునాటికి 'సూక్ష్మమైన' అను నర్థము వచ్చెను. 18వ శతాబ్దమున 'ఇంపైన' అను నర్థము స్థిరపడెను. అటుపిమ్మట దానిని వాడనివారే లేరైరి. 1817 చివర వెలువడిన 'నార్థాంగర్ ఆబీ' నవలలో జేన్ ఆస్టిన్ ఈ యతివాడుకను ఒక పాత్రచే పరిహసింపజేసినది.

ఈ చరిత్ర వియత్నాం విద్యార్థికి వింతగా తోచవచ్చును. కాని యతని యింటిలోనే యిట్టి మాట కలదు. దయగల మర్యాదస్థుని వారు 'తు తే' అందురు. అది చీనాభాషనుండి వచ్చిన పదము. అచ్చట దానికి శ్రద్ధగా, సూక్ష్మముగా అని యర్థము. సూక్ష్మతనుండి మంచితనమునకు నడచిన దారి రెండింటికిని ఒక్కటియే. సొంతమాట చరిత్ర నెరిగిన బాలునకు పరాయిమాట చరిత్ర పరాయిది కాదు.

మనకును ఇట్టి పదము లేకపోలేదు. సంస్కృతమున 'ముగ్ధ' శబ్దము మోహము నందుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినది. మూఢత్వమును తెలిపిన యా శబ్దమే అమాయకత్వమును, పిదప సౌందర్యమును తెలుపసాగెను. నేడు ముగ్ధ యనిపించుకొన్న బాలిక కోపింపదు.

నిఘంటువు ఒక మాటకు పెక్కు అర్థములను చూపును. వానిలో ఏది ఏ కాలమునకు, ఏ సందర్భమునకు తగునో విచారించుట మాత్రము చదువరి పని.