వంటింట్లో సాంఘిక పాఠం: ఆలూ పోస్తో



ఈ ఆదివారం పిల్లలతో కలిసి బెంగాలీల ఆలూ పోస్తో వండండి. పోస్తో అంటే మనం మటన్ మసాలాలో వేసే గసగసాలే.

4 చెంచాల గసగసాలు అరగంట నానబెట్టి, 2 పచ్చిమిర్చితో మెత్తగా నూరాలి. నూనెలో నల్ల జీలకర్ర, 4 ఆలుగడ్డల ముక్కలు, ఉప్పు, పసుపు వేసి మూతపెట్టి మగ్గించాలి. ఆ ముద్ద, కొద్దిగా నీళ్లు కలిపి దగ్గరపడనివ్వాలి. వాళ్లు ఆవనూనె వాడతారు. మనకు పల్లి నూనె చాలు. స్టవ్ దగ్గర మీరే ఉండండి.

ముక్కలు మగ్గేలోపు అడగండి: "గసగసాలు ఏ మొక్కవి?" నల్లమందు మొక్కవే! మత్తు కాయ పాలలో ఉంటుంది. 1773లో ఈస్టిండియా కంపెనీ బెంగాల్ నల్లమందు వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకుంది. సరుకు చైనాకు, లాభం కంపెనీకి. రైతుకు మిగిలింది అప్పు, గింజలు.

పుస్తకంలో ఒక మార్కు జవాబుగా బట్టీపట్టే 'గుత్తాధిపత్యం' ఇలా కంచంలో అర్థమవుతుంది.