హమ్మస్: చేసే తీరులు, తినిపించే తీరులు

"సిస్టరమ్మా, ఆయన జావ ముట్టడం లేదు. హమ్మస్ కావాలంటున్నారు" అని ఒక ఇల్లాలు వార్డులో నన్ను అడిగినప్పుడు అదేదో మందు పేరనుకున్నాను. ఆయన కువైట్‌లో చాలా ఏళ్లు డ్రైవరుగా పనిచేసి వచ్చిన మనిషి. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది. నాలుగు రోజులుగా ఏదీ సరిగా తినని మనిషి నోరు తెరిచి ఒకటి అడిగాడు కదా అని నాకు సంతోషం వేసింది. ఆమె చెల్లెలు కూడా కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేసి వచ్చిందే. మర్నాడే గిన్నె నిండా చేసి తెచ్చింది.

చూస్తే వెన్నలా మెత్తగా ఉంది. మెత్తగా ఉంది కదా, పర్వాలేదనుకొని నేనే ఒక చెంచా నోట్లో పెట్టాను. అది అంగిటికి అతుక్కుపోయింది. ఆయన మింగలేక దగ్గు మొదలై ముఖం ఎర్రబడింది. సక్షన్ పెట్టి తీయవలసి వచ్చింది. "మింగే పరీక్ష అయిందో లేదో చూశారా?" అని డ్యూటీ డాక్టరుగారు అడిగితే తల వంచుకున్నాను. ఆయనకు ఏమీ కాలేదు గాని, మెత్తనిదంతా మింగడానికి తేలిక కాదని నాకు ఆ రోజు బాగా తెలిసింది. గల్ఫ్‌లో మనవాళ్లున్న ఇళ్లు కడప, గోదావరి జిల్లాల్లోనూ, కరీంనగర్, నిజామాబాద్ వైపునా చాలా ఉన్నాయి. ఈ వంటకం మీ ఇంటికీ వచ్చి ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఇది ఎక్కడిది?

అరబ్బీలో హమ్మస్ అంటే శనగలు అనే అర్థం. నువ్వుల ముద్దను తహీనీ అంటారు. రెండూ కలిపి, నిమ్మరసం, వెల్లుల్లి చేర్చి రుబ్బినదే మనం హమ్మస్ అంటున్నది. సిరియా, లెబనాన్, పాలస్తీనా, జోర్డాన్ ప్రాంతాల్లో ఇది రోజువారీ తిండి. మధ్యయుగాల నాటి కైరో వంట పుస్తకాల్లో వెనిగర్, ఊరవేసిన నిమ్మకాయలు వేసి చేసిన శనగల ముద్ద కనిపిస్తుంది, అందులో నువ్వులు లేవు. ఇది ఎవరి వంట అని అక్కడి దేశాల మధ్య వాదన ఉంది. 2010లో లెబనాన్ వంటవాళ్లు ఒకే పళ్లెంలో 10,452 కిలోల హమ్మస్ చేశారు. వాళ్ల దేశ విస్తీర్ణం 10,452 చదరపు కిలోమీటర్లు, అందుకే ఆ లెక్క!

చేసే విధానం

పావుకిలో తెల్ల శనగలను రాత్రంతా ఎక్కువ నీళ్లలో నానబెట్టండి. ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి, అర చెంచా వంటసోడా వేసి కుక్కర్‌లో ఉడికించండి. రెండు వేళ్ల మధ్య నొక్కితే పూర్తిగా చిదిగిపోవాలి. కొంచెం పలుకున్నా హమ్మస్ ఇసకలా తగులుతుంది. ఉప్పు తగ్గించమని చెప్పిన రోగికైతే సోడా మానేసి ఇంకాస్త ఎక్కువసేపు ఉడికించండి, ఎందుకంటే సోడాలోనూ సోడియం ఉంది. పైకి తేలిన పొట్టు తీసేయండి. ఉడికిన నీళ్లు మాత్రం పారబోయకండి.

తహీనీకి వంద గ్రాముల పొట్టు తీసిన తెల్ల నువ్వులను సన్నని సెగ మీద వాసన వచ్చేవరకే వేయించాలి. ఎర్రబడితే చేదెక్కుతుంది. చల్లారాక చెంచా నూనెతో మిక్సీలో జారుగా అయ్యేదాకా తిప్పండి. చిమ్మిలి చేసే చేతులకు ఇది కొత్త పనేమీ కాదు, బెల్లం ఒక్కటే ఉండదు. ఇందులో ముందు రెండు నిమ్మకాయల రసం, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు వేసి తిప్పితే ముద్ద గట్టిపడి భయపెడుతుంది. కంగారు పడకండి. చల్లని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ తిప్పితే తెల్లగా మారి జారుతుంది. అప్పుడు శనగలు వేసి రుబ్బండి. ఆలివ్ నూనె దొరక్కపోతే నువ్వుల నూనె వాడవచ్చు. రుచి వేరుగా ఉంటుంది, అంతే.

ఉడికించిన శనగలు వంద గ్రాముల్లో దాదాపు 9 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పీచు కూడా బాగా ఉంటుంది. ఇనుమూ ఉంది, దాన్ని ఒంటికి పట్టించడానికి నిమ్మరసం సాయపడుతుంది. రక్తం తక్కువగా ఉన్నవారికి ఇది మంచి ఆహారమే. అయితే మందుకు బదులు కాదు.

తినే తీరులు, ఎవరికి ఏది

అక్కడ లోతు తక్కువ పళ్లెంలో పరిచి, చెంచా వెనకతో మధ్యలో గుంట చేసి, నూనె పోసి, జీలకర్ర పొడి చల్లి, ఖుబూస్ ముక్కలతో అద్దుకొని తింటారు. చాలామందికి ఇది ఉదయం పూట తిండి. కొన్ని కొట్లలో ఆ రోజు వండిన కుండ అయిపోతే ఇక మూసేయడమే. మనవాళ్లు చపాతీతో తింటారు. నాకు జొన్నరొట్టెతో బాగా నచ్చింది. చక్కెర వ్యాధి ఉన్నవారికి శనగలు మేలే, గ్లూకోజు మెల్లగా పెరుగుతుంది. మైదా ఖుబూస్ మూడు నాలుగు తింటే మాత్రం ఆ మేలంతా పోతుంది.

శనగలను రుబ్బకుండా తహీనీలో కలిపి తినే ముసబ్బహా అనే తీరు ఉంది. దానికి నమలడానికి పళ్లు ఉండాలి. పళ్లు లేని పెద్దవాళ్లకు ఫత్తె మంచిది. రొట్టె ముక్కలను వేడి శనగల నీళ్లలో నానబెట్టి, పైన పెరుగు, తహీనీ పోస్తారు, డమాస్కస్‌లో ఇష్టంగా తింటారు. ఒళ్లు తగ్గిపోయిన టి.బి. రోగులకు, హమ్మస్ మీద వేయించిన మాంసం కీమా వేసే తీరు బలాన్నిస్తుంది. బేరూత్ తీరులో పార్స్‌లీ ఆకు, కారం, ఎక్కువ వెల్లుల్లి వేస్తారు. నోట్లో పుండ్లున్నవారికి, కడుపులో మంట ఉన్నవారికి అది పెట్టకండి. రేడియేషన్ తీసుకుంటూ నోరు పూసినవారికి నిమ్మరసం, వెల్లుల్లి కూడా మానేసి శనగలు, తహీనీ మాత్రమే చేసి పెట్టండి. బీట్‌రూట్ కలిపి ఎర్రగా చేసే కొత్త రకం పెడితే మాకు ముందే చెప్పండి. మర్నాడు మూత్రం ఎర్రగా కనిపిస్తే మీరూ మేమూ అనవసరంగా హడలిపోతాం.

ఫూల్ అనే పెద్ద చిక్కుడు గింజలతో కలిపి తినే తీరు కూడా ఉంది, టిన్నుల్లో గల్ఫ్ నుంచి తెస్తుంటారు. జీ6పీడీ లోపం ఉన్నవారు ఆ గింజలు తింటే రక్తకణాలు విచ్ఛిన్నమై ప్రాణం మీదికి రావచ్చు. ఇంట్లో ఎవరికైనా ఈ లోపం ఉందని డాక్టరు చెప్పి ఉంటే ఫూల్ దగ్గరికి రానివ్వకండి.

నువ్వులు పడనివారు కూడా ఉంటారు. తిన్న కాసేపటికి పెదవులు వాచడం, దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి. అటువంటివారికి తహీనీకి బదులు గట్టి పెరుగు వాడాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి శనగల్లోని పొటాషియం ఇబ్బంది చేయవచ్చు. ఎంత పెట్టవచ్చో డాక్టరును అడిగిన తరువాతే పెట్టండి. కడుపు ఆపరేషన్ అయినవారికి కూడా అంతే, మొదటి రోజుల్లో గ్యాసు పట్టేస్తుంది.

పక్షవాతం వచ్చినవారికి మింగే పరీక్ష కాకుండా ఒక్క చెంచా కూడా పెట్టకండి. డాక్టరు అనుమతిస్తే, దాచిపెట్టిన శనగల నీళ్లు కలిపి, జల్లెడ పట్టి, చెప్పినంత పలుచన చేయండి. చెంచా వంచితే అతుక్కోకుండా జారాలి. రోగిని నిటారుగా కూర్చోబెట్టి చిన్న చెంచాతో ఇవ్వండి. ఒక ముద్ద మింగాకే ఇంకొకటి. దగ్గు వచ్చినా, గొంతులో నీళ్లున్నట్టు గరగర వినిపించినా ఆపి మమ్మల్ని పిలవండి. ఆ డ్రైవరుగారికి తరువాత ఇలాగే పెట్టాము. మూడో చెంచాకు ఎడమ చెయ్యి ఎత్తి "ఉప్పు లేదు" అన్నారు. బి.పి. మనిషి మరి, ఉప్పు వేయలేదు.

ఇంకొక మాట, డబ్బా గురించి. చేసిన హమ్మస్‌ను బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు, ఎండాకాలంలో గంట చాలు. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది గాని, కీమోథెరపీ తీసుకుంటున్నవారికి ఏ పూటకు ఆ పూట తాజాగా చేయాలి. ఊరి నుంచి బస్సులో వచ్చేవారు చేసిన హమ్మస్ తేవద్దు. నువ్వుల ముద్ద సీసాలో, ఎండు శనగలు, నిమ్మకాయలు విడిగా తెచ్చుకొని, ఇక్కడ వంట చేసుకునే చోట రాత్రి నానబెట్టుకోండి. మిక్సీ లేకపోతే పప్పుగుత్తితో మెదిపి జల్లెడ పట్టినా సరిపోతుంది.