టైరు ఎక్కించడం, చక్రం తూకం చూడడం

వేడికి లోహం వ్యాకోచించడం, లీవరు పని చేసే తీరు, అభికేంద్ర బలం. ఈ మూడు పాఠాలకూ పరీక్షలో వేర్వేరు మార్కులు. కానీ మన తాండాలో ఇంటి ముందర నిలబెట్టిన ఎక్సెల్ బండి చక్రం దగ్గర కూర్చుంటే మూడూ ఒక్కచోటనే కనబడతాయి. అందుకే ఈ వారం ఈ పాఠం రాస్తున్నాను. పెద్ద తరగతుల వాళ్ళు లెక్కలు కూడా చూడండి, చిన్నవాళ్ళు లెక్కలు వదిలేసి పని వరకు చదివినా చాలు.

గోరంట్ల చుట్టుపక్కల చేన్ల గట్లమీద, చెరువు కట్టలమీద సర్కారు తుమ్మ ఎట్లా పెరిగిందో అందరికీ తెలుసు. వానలు లేకపోయినా అది మాత్రం ఎండదు. దాని ముల్లు చెప్పును దాటుతుంది, టైరును కూడా దాటుతుంది. పంచర్ షాపులు ఉండేది రోడ్డు మీద. తాండా నుంచి రోడ్డుకు మూడు నాలుగు కిలోమీటర్లు బండి తోసుకుంటూ పోవాలి. శెనక్కాయ మూట ఉంటే దించి పోవచ్చు. జ్వరంతో కాలిపోతున్న బిడ్డను వెనక కూర్చోబెట్టుకుని రాత్రిపూట ఆసుపత్రికి పోయేవాళ్ళు ఏం దించుతారు? కనుక ఇంట్లో ఒక్కరికైనా ఈ పని రావాలి. వచ్చీరాని చేతులతో ఎక్కించిన టైరు దారిలో ఊడితే అది పంచర్ కన్నా పెద్ద ప్రమాదం. అందుకని సరిగ్గానే రావాలి.

మొదట పాతకాలం సంగతి. టైరు ఎక్కించడం మన పెద్దలకు కొత్త పని కాదు. ఎద్దుల బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం కూడా టైరు ఎక్కించడమే. కమ్మరి పట్టాను చక్రం కన్నా కొంచెం చిన్నదిగా చేస్తాడు. పిడకలు పేర్చి మంట పెట్టి పట్టాను ఎర్రగా కాలుస్తాడు. ఇద్దరు ముగ్గురు పట్టకార్లతో ఎత్తి చక్రం మీద పెట్టి సుత్తులతో దించి, వెంటనే నీళ్ళు పోస్తారు. పట్టా బిగుసుకుని ఆకులన్నిటినీ నడిమి బొడ్డులోకి నొక్కేస్తుంది. మేకు లేదు, బంక లేదు. లెక్క చూడండి. చక్రం ఎత్తు 1.5 మీటర్లు అనుకుంటే పట్టా పొడవు సుమారు 4.7 మీటర్లు. ఇనుము ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకు 0.012 మిల్లీమీటరు పెరుగుతుంది. 500 డిగ్రీలు పెరిగితే 4.7 × 0.012 × 500 = సుమారు 28 మిల్లీమీటర్లు. చుట్టుకొలత అంత పెరిగితే అడ్డుకొలత 9 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కమ్మరి ఈ లెక్క కాగితం మీద వేయలేదు, కంటితో వేశాడు.

గాలి టైరు తర్వాత వచ్చింది. స్కాట్లండువాడైన రాబర్ట్ థామ్సన్ 1845లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు గానీ అప్పట్లో ఎవరికీ పట్టలేదు. 1888లో బెల్‌ఫాస్టు ఊళ్ళో పశువుల డాక్టరు జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపుతోందని రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. పశువుల డాక్టరు చేసిన పని ప్రపంచమంతా పాకింది. కానీ ఆ టైర్లను రిమ్ముకు బంకతో అంటించేవారు, పంచరైతే గంటలు పట్టేది. 1891లో ఫ్రాన్సు దేశంలో మిషెలిన్ అన్నదమ్ములు ఊడదీసి మళ్ళీ ఎక్కించే సైకిలు టైరు తెచ్చారు. ఇప్పుడు మనం నేర్చుకునే పని అక్కడ మొదలైంది. మనకు దగ్గర్లోని హోసూరులో 1980లో టి.వి.యస్. 50 తయారైంది. ఇద్దరు కూర్చునే మోపెడ్ మన దేశంలో అదే మొదటిది. మన తాండాల ఎక్సెల్ బండ్లు దాని వంశమే.

టైరు పక్కన రాసి ఉన్నది ముందుగా చదవాలి. ఎక్సెల్ టైరు మీద 2.50-16 అని ఉంటుంది. 2.50 అంటే టైరు వెడల్పు అంగుళాల్లో, 16 అంటే రిమ్ము అడ్డుకొలత. దాని పక్కన 41 ఎల్ అని ఉంటే, 41 అనేది బరువు గుర్తు, ఒక్క టైరు 145 కిలోలు మోస్తుందని అర్థం. ఎల్ అంటే గంటకు 120 కిలోమీటర్ల వేగం వరకు. మన ఎక్సెల్ ఆ వేగం కలలో కూడా పోదు. బరువు సంగతి మాత్రం మనవాళ్ళు మర్చిపోతారు, వెనక టైరు మీద రెండు మూటలు, వాటి మీద ఒక మనిషి! నాలుగు అంకెలు కోడిగుడ్డు ఆకారం గీతలో ఉంటే అది పుట్టిన తేదీ. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం. పాత టైరు కొనేటప్పుడు ఇది చూడండి. అరుగు బాగున్నా పక్కల పగుళ్ళు ఉంటే వద్దు.

ఇక పనికి వద్దాం. అసలు రహస్యం ఒకటే ఉంది, అది తెలిస్తే సగం పని అయినట్టే. టైరు అంచులో ఉక్కు తీగ చుట్ట ఉంటుంది. రబ్బరు సాగుతుంది గానీ ఆ తీగ సాగదు. రిమ్ము అంచు ఆ తీగ కన్నా పెద్దది. మరి ఎట్లా ఎక్కుతుంది? రిమ్ము నడుమ చుట్టూతా లోతైన గాడి ఉంది చూడండి. ఒక పక్క టైరు అంచును ఆ గాడిలోకి తొక్కి పెడితే ఎదురు పక్కన అంతమేరకు సందు దొరుకుతుంది. ఆ సందుతోనే అంచు దాటుతుంది. ఇది తెలియని వాళ్ళు బలం కొద్దీ లీవరు గుంజుతారు. లీవరు బలాన్ని పదింతలు చేస్తుందని పాఠంలో చదివాం కదా, ఆ పదింతల బలంతో తీగ తెగుతుంది, లేకపోతే ట్యూబు కోసుకుపోతుంది. చేతికి గట్టిగా తగిలిందంటే బలం చాలక కాదు, ఎదురు పక్క గాడిలో లేక.

బండిని గట్టి నేలమీద స్టాండు వేసి, ఇంజను చల్లారాక చక్రం విప్పండి. విప్పిన నట్టు, వాషరు, బుష్షు ఏ వరుసలో వచ్చాయో అదే వరుసలో పాత గుడ్డ మీద పేర్చండి. వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం వదలండి. టైరు రిమ్ముకు అంటుకుని ఉంటుంది, రెండు వైపులా కాళ్ళతో తొక్కి వదులు చేయండి. సబ్బునీళ్ళు అంచు చుట్టూ పూయండి. ఇంజనాయిలు, డీజిలు, గ్రీజు పూయొద్దు, అవి రబ్బరును తినేస్తాయి. నున్నటి కొన ఉన్న టైరు లీవర్లు రెండు కావాలి. స్క్రూడ్రైవరుతో చేసినవాళ్ళు ఒక పంచరుకు మూడు పంచర్లు వేసుకుంటారు.

తీసేటప్పుడు వాల్వు దగ్గర మొదలుపెట్టాలి, ఎక్కించేటప్పుడు వాల్వు దగ్గర ముగించాలి. కారణం ఏమంటే వాల్వు ఉన్నచోట ట్యూబు మందంగా ఉండి గాడిని అడ్డుకుంటుంది. అంచు అక్కడ లోపలికి దిగదు. కాబట్టి అటువైపు లీవరు, ఎదురువైపు గాడి.

ట్యూబు తీశాక ముల్లు ఇంకా టైరులోనే ఉంటుంది. వేళ్ళతో తడమొద్దు, వేలు తెగుతుంది. పాత గుడ్డ లోపల చుట్టూ తిప్పండి, ఎక్కడ పట్టుకుంటే అక్కడ ముల్లు. రిమ్ము లోపల పుల్లల తలల మీద రబ్బరు పట్టీ ఉండాలి. అది జరిగి ఉంటే పుల్ల తల ట్యూబును లోపలి నుంచే పొడుస్తుంది. చాలామంది ముల్లు కోసం వెతికి వెతికి దొరక్క, మళ్ళీ మళ్ళీ పంచర్ వేయించేది దీనివల్లనే.

తిరిగి ఎక్కించేటప్పుడు ట్యూబులో కొంచెం గాలి పెట్టండి, గుండ్రంగా నిలబడేంత చాలు. ఖాళీ ట్యూబు మడతపడి లీవరు కింద చిక్కుతుంది. టైరు పక్కన బాణం గుర్తు ఉంటే చక్రం తిరిగే దిక్కుకు పెట్టండి. కొన్ని టైర్లకు రంగు చుక్క ఉంటుంది. అది టైరు తేలికగా ఉన్న చోటు, దాన్ని వాల్వు పక్కకు తేవాలి, వాల్వు బరువు అక్కడ సరిపోతుంది. చివరి జానెడు అంచు ఎక్కించేటప్పుడు వాల్వును వేలితో లోపలికి నెట్టి, అప్పుడు ఎక్కించండి. తర్వాత కొద్దిగా గాలి కొట్టి, మళ్ళీ వదిలి, మళ్ళీ కొట్టండి. మడతలు సర్దుకుంటాయి. రిమ్ము పక్కన టైరు మీద చుట్టూ ఒక సన్నని గీత ఉంటుంది. ఆ గీత రిమ్ముకు అంతటా సమానదూరంలో ఉంటే టైరు కూర్చున్నట్టు. ఒకచోట దిగిపోయి ఉంటే గాలి తీసి సబ్బునీళ్ళు పెట్టి మళ్ళీ చేయాలి. గాలి ఎంతన్నది బండి పుస్తకంలో ఉన్న అంకె ప్రకారం పెట్టండి, బొటనవేలితో నొక్కి చూసింది లెక్కలోకి రాదు.

ఇప్పుడు తూకం. ఎనిమిదో తరగతి తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, చక్రం గుండ్రంగానే ఉంది కదా, ఇంక తూకం ఎందుకు?" గుండ్రం వేరు, తూకం వేరు. టైరులో ఒకచోట 20 గ్రాములు ఎక్కువ ఉందనుకోండి. నిలబడి ఉన్నప్పుడు 20 గ్రాములంటే ఏమీ కాదు. తిరిగేటప్పుడు దాని బలం చూడాలి. బలం = ద్రవ్యరాశి × వేగం × వేగం ÷ వ్యాసార్ధం. చక్రం వ్యాసార్ధం 0.25 మీటరు. బండి గంటకు 36 కిలోమీటర్లు, అంటే సెకనుకు 10 మీటర్లు పోతుంటే 0.02 × 100 ÷ 0.25 = 8 న్యూటన్లు. ముప్పాతిక కిలో పైచిలుకు బరువు. గంటకు 72 పోతే వేగం రెండింతలు, బలం మాత్రం నాలుగింతలు, 32 న్యూటన్లు. మూడు కిలోల పైన బరువు సెకనుకు పన్నెండు సార్లకు మించి ఇరుసును పైకీ కిందికీ గుంజుతుంది. హాండిలు వణకడం, బేరింగు పోవడం, టైరు మచ్చలు మచ్చలుగా అరగడం అందువల్లే.

నా మాట అడిగితే, ఎక్సెల్ బండి 40 దాటకుండా నడిపేవాళ్ళకు తూకం పెద్ద అవసరం కాదు. హిందూపురం దారిలో మోటారు సైకిలు 70లో నడిపే అన్నలకు, మామలకు అవసరం. పుల్లల చక్రం అయితే ఇంట్లోనే చూడొచ్చు. ముందుగా రిమ్ము వంకర ఉందేమో చూడాలి, వంకర చక్రానికి తూకం పెట్టి లాభం లేదు. రెండు పక్కలా ఇటుకలు సమంగా పేర్చి ఇరుసును వాటి మీద ఆనించండి. చక్రం మధ్యలో తేలిగ్గా తిరగాలి. మెల్లగా తిప్పి వదలండి. బరువైన చోటు కిందికి వచ్చి ఆగుతుంది. సరిగ్గా పైన ఉన్న చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. మూడుసార్లు తిప్పినా అదే గుర్తు పైకి వస్తే ఖాయం. ఆ గుర్తు దగ్గర రిమ్ముకు చిన్న బంకమట్టి ఉండ అంటించండి. (సంగటి ముద్ద కూడా అంటుకుంటుంది, కానీ వార్డెన్ సారు చూస్తే ఊరుకోరు!) చక్రాన్ని ఎక్కడ వదిలితే అక్కడే ఆగే వరకు మట్టి పెంచుతూ తగ్గిస్తూ పోవాలి. ఆ మట్టిని తూచి, అంతే బరువు తీగను గుర్తు దగ్గరి పుల్లకు రిమ్ము వైపున బిగుతుగా చుట్టాలి. టంకం తీగ వాడితే అందులో సీసం ఉండొచ్చు, చేతులు కడుక్కున్నాకే అన్నానికి కూర్చోండి.

ఈ పద్ధతి సన్నటి చక్రానికి సరిపోతుంది. కారు చక్రం వెడల్పు. లోపలి అంచున ఒకచోట, బయటి అంచున ఇంకొకచోట బరువు తేడా ఉంటే ఇటుకల మీద అది సమంగానే ఆగుతుంది, రోడ్డు మీద పక్కలకు ఊగుతుంది. దానికి తిప్పి చూసే యంత్రం కావాలి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి కదా, ఎక్కడైనా కారు ఆగితే రిమ్ము చూడండి, చిన్న లోహపు ముక్కలు అంటించి కనబడతాయి. ఆ తూకపు ముక్కలే అవి.

లారీ, ట్రాక్టరు ట్రాలీ చక్రాల జోలికి మాత్రం ఎవ్వరూ పోవద్దు. వాటిలో కొన్నిటికి రిమ్ము ముక్కలుగా ఉండి, ఇనుప లాకు రింగు టైరును పట్టి ఉంచుతుంది. గాలి కొడుతుండగా రింగు సరిగా కూర్చోకపోతే తూటాలాగా ఎగురుతుంది. దీనివల్ల మనుషులు చనిపోయారు. అమెరికాలో 1980 నుంచి ఇట్లాంటి చక్రాలకు ఇనుప పంజరంలాంటి అడ్డు పెట్టే గాలి కొట్టాలని ప్రభుత్వ నిబంధన ఉంది. వేసవి సెలవుల్లో పంచర్ షాపులో పనికి చేరే తమ్ముళ్ళు ఎవరైనా ఉంటే, గాలి కొట్టేటప్పుడు ఆ చక్రానికి ఎదురుగా నిలబడవద్దు, పైకి వంగవద్దు.

బండి చక్రం తిరిగి బిగించాక రోడ్డెక్కే ముందు చూడాల్సినవి ఉన్నాయి. గొలుసు మరీ బిగువు, మరీ వదులు కాకుండా, రెండు పక్కల గుర్తులు సమంగా ఉండాలి. బ్రేకు రాడ్డు తగిలించారా? తొందరలో మర్చిపోయేది ఇదే. కూర్చుని నడిపేముందు బండిని చేత్తో తోసి బ్రేకు తొక్కి చూడండి. మరునాడు ఇరుసు నట్లను ఒకసారి పానాతో పట్టి చూడండి, గాలి కూడా కొలవండి.

పెద్ద తరగతులకు లెక్క: టైరులో 15 గ్రాముల బరువు ఒక పక్క ఎక్కువగా ఉంది. వ్యాసార్ధం 0.25 మీటరు. బండి గంటకు 54 కిలోమీటర్ల వేగంతో పోతోంది. బలం ఎన్ని న్యూటన్లు? జవాబు కాగితం మీద రాసి, పేరు, తరగతి వేసి, ఆదివారం లోపల గోడపత్రిక కింద ఉన్న అట్టపెట్టెలో వేయండి.