ఆగని మాటల వెనుక ఏముంది?



బిడ్డ గలగలా మాట్లాడుతుంటే "వీడికి వస ఎక్కువ పోశారా?" అని మన ఇళ్లలో నవ్వుకుంటాం. మాట త్వరగా రావాలని పసిబిడ్డ నాలుకకు వసకొమ్ము అరగదీసి రాయడం పెద్దల అలవాటు. అయితే కొన్ని ఇళ్లలో ఈ మాట నవ్వు తెప్పించదు. ఆ ఇంట నాలుగైదేళ్ల బిడ్డ నిద్ర లేచింది మొదలు పడుకునే దాకా, పక్క వీధికి వినిపించేంత గొంతుతో ఒకే సంగతి చెబుతూ ఉంటాడు. తిరుపతి నుండి కాట్పాడికి పోయే రైలు ఆగే స్టేషన్లను, చంద్రగిరి, పాకాల, పూతలపట్టు, చిత్తూరు అంటూ అప్పజెప్పి, మళ్లీ మొదలుపెడతాడు. బస్సులో జనం వెనక్కి తిరిగి చూస్తారు. చుట్టాలు "భయం చెప్పకుండా పెంచారు" అంటారు. కొన్నాళ్లకు ఆ తల్లి ఆదివారం పూజకు రావడమే మానుకుంటుంది.

ఆటిజం ఉన్న బిడ్డలకు అసలు మాటే రాదని చాలామంది అనుకుంటారు. కొందరికి రాదన్నది నిజమే. కొందరు మాత్రం ఎడతెరిపి లేకుండా మాట్లాడతారు. అలాంటి బిడ్డ విషయంలో ఈ వారం ఒక్క పాఠం నేర్చుకుందాం. ఆ మాటను ఆపబోయే ముందు, అది బిడ్డకు ఏ విధంగా ఉపయోగపడుతోందో తెలుసుకోవాలి.

తల్లిని నిందించకండి

1943లో అమెరికాలో లియో కానర్ అనే పిల్లల మనోవైద్యుడు 11 మంది బిడ్డలను పరిశీలించి, ఆటిజం గురించి వివరంగా రాశారు. విన్న మాటనే తిరిగి పలకడం, అన్నీ ఒకే తీరుగా ఉండాలని పట్టుబట్టడం ఆయన అప్పుడే గమనించారు. ఆ తరువాత చాలా ఏళ్లు, తల్లి ప్రేమ కొరవడినందువల్లే బిడ్డ ఇలా అయ్యాడని వైద్యులు సైతం నిందించారు. మనస్తత్వ శాస్త్రవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ కుమారునికి కూడా ఆటిజం ఉంది. ఆయన 1964లో ప్రచురించిన గ్రంథంలో ఈ నిందను ఖండించారు. ఆటిజం మెదడు ఎదుగుదలలో ఉన్న తేడా అనీ, పెంపకం వల్ల వచ్చేది కాదనీ నేడు వైద్యశాస్త్రం అంగీకరిస్తోంది. కాబట్టి అత్తమామలారా, అవ్వాతాతలారా, కోడలిని తప్పు పట్టకండి.

గట్టి గొంతుకు కారణాలు

మొదట బిడ్డ చెవులు పరీక్ష చేయించండి. వినికిడి లోపం ఉన్నా, చెవిలో చీము ఉన్నా గొంతు పెరగవచ్చు. చెవులు బాగున్నాయని తేలితే ఈ సంగతులు గమనించండి.

తన గొంతు ఎంత పెద్దదో కొందరు బిడ్డలకు తెలియదు. ఎదుటివారి ముఖం చూసి "గట్టిగా మాట్లాడుతున్నాను" అని గ్రహించడం వారికి కష్టం. కొందరికి చుట్టూ ఉన్న చప్పుడు భరించరానిది. మైకు, డప్పులు, టపాకాయల మోత వినలేక, దానిని కప్పివేయడానికి తామే అరుస్తారు. "ఎప్పుడు పోతాం? ఎప్పుడు పోతాం?" అని పదే పదే అడిగే బిడ్డ చాలాసార్లు జవాబు మరచిపోలేదు, భయపడుతున్నాడు. స్టేషన్ల పేర్లు చెప్పే బిడ్డకు ఆ వరుస ధైర్యం ఇస్తుంది. లోకంలో ఏది మారినా పాకాల తరువాత పూతలపట్టు వస్తుందని వాడికి తెలుసు.

ఇంట్లో చేయదగినవి

ఒక వారం పాటు ఒక నోటు పుస్తకంలో రాయండి. ఏ వేళ గొంతు పెరిగింది? అంతకు ముందు ఏం జరిగింది? ఆకలా, నిద్రా, చుట్టాల రాకా? కారణం అందులోనే కనిపించవచ్చు.

"నోరు మూయి" అన్న మాట వాడికి ఏమీ నేర్పదు. గొంతుకు మూడు మెట్లు నేర్పండి: గుసగుస గొంతు, ఇంటి గొంతు, మైదానం గొంతు. మూడు రంగుల అట్టముక్కలు గోడకు అతికించి, ఆటలా అభ్యాసం చేయించండి. మీరు కేక వేస్తే వాడూ కేకే వేస్తాడు. మీరు గొంతు తగ్గించి దగ్గరకు వెళ్లి మాట్లాడండి. వాడు ఇంటి గొంతుతో మాట్లాడిన క్షణమే మెచ్చుకోండి.

పదే పదే అడిగే ప్రశ్నకు బొమ్మ గీసి జవాబు చూపండి: మొదట గుడి, తరువాత బస్సు, తరువాత ఇల్లు. నోటితో వందసార్లు చెప్పే బదులు బొమ్మను వేలితో చూపితే చాలు.

వాడికి ఇష్టమైన సంగతికి రోజూ పావుగంట కేటాయించండి. ఆ పావుగంట మనసు పెట్టి వినండి. గడియారం ముల్లు చూపి ముగించండి. తల్లి ఒక్కతే రోజంతా వింటే అలసిపోతుంది. రోజుకొక గంట తండ్రిగాని, అవ్వగాని బిడ్డను చూసుకోవాలి.

కొట్టడం, వాతలు పెట్టడం, గదిలో వేసి తాళం వేయడం మహాపాపం. దాని వల్ల భయం పెరుగుతుంది, భయంతో పాటు అరుపూ పెరుగుతుంది.

సాయం ఎక్కడ?

తిరుపతి రుయా ఆసుపత్రిలో పిల్లల వైద్యులను కలవవచ్చు. బిడ్డ అప్పజెప్పే ఆ రైలుమార్గం చివర కాట్పాడిలో దిగితే వేలూరు దగ్గరే. అక్కడి సి.ఎం.సి. ఆసుపత్రికి చెందిన పిల్లల మనోవైద్య విభాగం బాగాయంలో ఉంది. దాని పేరు నంబిక్కై నిలయం, అంటే నమ్మకపు ఇల్లు. తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వడం అక్కడి చికిత్సలో ముఖ్య భాగం.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజంను గుర్తించింది. నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం పొందిన బిడ్డకు 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. 1999లో ఏర్పడిన నేషనల్ ట్రస్టు ద్వారా నిరామయ అనే ఆరోగ్య బీమా కూడా ఉంది. ధ్రువపత్రం తీసుకోవడానికి సిగ్గుపడకండి.

విచారణలో మన వంతు

యెరికో దారిలో గుడ్డివాడైన బర్తిమయి కేకలు వేసినప్పుడు జనం ఊరుకోమని గద్దించారు. యేసు ప్రభువు మాత్రం ఆగి, అతనిని పిలిపించారు (మార్కు 10:46-52). 2018 నవంబరు 28న రోములో జగద్గురువులు ఫ్రాన్సిస్ పాపుగారు ప్రజలతో సమావేశమై ఉండగా, మాటరాని ఒక చిన్న బాలుడు వేదిక ఎక్కి ఆడుకోసాగాడు. తల్లి కంగారుగా తీసుకుపోబోతే, పాపుగారు వాడిని ఆడుకోనివ్వమన్నారు.

మనం కూడా అలాంటి కుటుంబాన్ని గుడి పక్క తలుపు దగ్గర కూర్చోబెట్టి, అవసరమైనప్పుడు బయటికి వెళ్లి రానివ్వవచ్చు. మామూలు రోజున ఖాళీ గుడిని బిడ్డకు చూపించి అలవాటు చేయవచ్చు. బిడ్డ వచ్చే పూజలో మైకు కొంచెం తగ్గించమని విచారణ గురువులను అడగవచ్చు. వెనక్కి తిరిగి గుర్రుగా చూడడం మానవచ్చు. ఇవేవీ డబ్బు ఖర్చయ్యే పనులు కావు.

ఇంట్లో చర్చించుకోండి

1. మన విచారణలో ఇలాంటి బిడ్డ ఉన్నందువల్ల పూజకు రాని కుటుంబం ఏది?
2. ఆ తల్లికి వారంలో ఒక గంట విశ్రాంతి మనలో ఎవరు ఇవ్వగలరు?
3. వచ్చే ఆదివారం ఆ బిడ్డ గొంతు వినిపిస్తే, మనం ఏం చేద్దాం?