రక్తపింజరి విషము నెత్తురును చెఱచు విధము

రక్తపింజరి యనియు, పొడపామనియు రైతులు చెప్పు సర్పము వరిపొలముల గట్లయందును, గడ్డికుప్పల క్రిందను, ఎలుకబొరియల దాపునను మసలును. డాక్టరు పాట్రిక్ రస్సెలు 1796లో ప్రకటించిన సర్పగ్రంథమున దీని తెలుగుపేరు కాటుకరేకులపొడ యని వ్రాయబడియున్నది. ఇది మనిషి అలికిడికి తొలగిపోక చుట్టచుట్టుకొని యుండును గనుక కోతలనాడు కాళ్లకును చేతులకును కాట్లు పడుచుండును.

త్రాచువిషము ముఖ్యముగా నరములను పట్టి ఊపిరి నాపును. రక్తపింజరి విషము నెత్తురును పట్టును. ఈ పని చేయునవి విషమునందలి ఎంజైములు. అన్నమును చాలసేపు నమలినచో తియ్యనగుట యెల్లరు నెఱిగినదే. అది ఉమ్మియందలి యొక ఎంజైము పని. ఎంజైము తాను తఱిగిపోక ఇతర పదార్థములను మార్చుచుండును. కావుననే కొలదిపాటి విషము పెద్ద దేహమును కూల్చగలదు.

గాయమైనప్పుడు నెత్తురు గడ్డకట్టుటకు వలయు పదార్థములు నెత్తురునందే నిదురించుచుండును. అవి వరుసగా నొకదాని నొకటి మేల్కొల్పి, తుదకు ఫైబ్రినోజెను అను కరగియున్న పదార్థమును పోగులుగా మార్చును. విషమునందలి ఎంజైములలో రెండు, ఈ వరుసలో ఐదవదియు పదవదియు నని వైద్యులు సంఖ్య లిచ్చిన పదార్థములను, గాయము లేకయే మేల్కొల్పును. అంతట ఫైబ్రినోజెను దేహమందంతటను వ్యర్థముగా ఖర్చగును. గాదెలోని విత్తనమంతయు అకాలమున చల్లినవానికి తొలకరినాడు గింజ యుండదు. కాటుపడినవాని నెత్తురు స్థితియు నట్టిదే. చిగుళ్లనుండియు, పాతపుండ్లనుండియు నెత్తురు కారును, ఆగదు. ఇంకొక ఎంజైము కండరములను, రక్తకణములను కప్పియున్న పొరలను చీల్చును. వేఱొకటి కణముల నడుమనున్న బంధమును సడలించి విషమునకు దారి చేయును. మూత్రపిండములు చెడి మూత్రము తగ్గుటయు కలదు.

ఈ శక్తియే మేలునకును వచ్చినది. 1934లో లండనునందు మాక్‌ఫార్లేను, బార్నెట్టు అను వైద్యులు ఈ విషమును మిక్కిలి పలుచన చేసి, నెత్తురాగని జబ్బు గలవారి గాయములకు పూసి నెత్తురు నాపిరి.

పై సంగతి తెలిసినవారు కాటుపై గాటు పెట్టరు. గడ్డకట్టని నెత్తురునకు క్రొత్తదారి తెఱచుట యగును. త్రాటితో బిగించినచో విషము నిలిచినచోట కండ కుళ్లును. కడియములు, ఉంగరములు తీసి, కాటుపడిన అవయవమును కదలనీయక, రోగిని నడిపింపక మోసికొని ఆస్పత్రికి చేర్పవలెను. అచట శుభ్రమైన పొడి గాజుగొట్టమున కొంచెము నెత్తురు పోసి 20 నిమిషములు కదపక యుంతురు. గడ్డకట్టనిచో ప్రతివిషము నెత్తురునరమున కెక్కింతురు. ఇది గుఱ్ఱములకు కొద్దికొద్దిగా విషమెక్కించి, వాని నెత్తురునుండి తీసినది. విషమును విఱుచునది ఇదియే గాని ఆకుపసరులు కావు. అయినను చెడిన మూత్రపిండమును ఇది బాగుచేయజాలదు. అందుచే ప్రతి గడియయు విలువైనదే.

మొదట వాపును నొప్పియు మాత్రమే కనబడుటచే కూలివాండ్రు పని విడువక, సాయంకాలము ఇంటికి పోగోరుదురు. భూమిగల రైతు వారి నట్లు పోనీయక, కోతదినములలో బండి నొకదానిని పొలముకడనే సిద్ధముగా నుంచి, ప్రతివిషము దొరకు ఆస్పత్రి యేదియో ముందే విచారించి యుండవలెను.