మూడు రాళ్లు పెట్టి చూడండి

పొయ్యి వెలిగించిన నాలుగో రోజు పెరట్లో ఫట్‌మని చప్పుడైంది. వెళ్లి చూస్తే, పొయ్యి పక్కన నిలబెట్టిన నాపబండ పైపొర అరచెయ్యంత మేర ఊడి బూడిదలో పడి ఉంది.

బేతంచెర్లలో పుట్టినవాళ్లకు రాయంటే అభిమానం. ఊరి చుట్టూ గనులు, రోడ్డు పొడుగునా పాలిష్ ఫ్యాక్టరీలు, లారీలకెక్కే బండలు. మా ఇంట్లో నేల, అరుగు, మెట్లు అన్నీ ఆ రాయే. అందుకే ఆరుబయట వంటిల్లు కట్టాలనుకున్నప్పుడు పొయ్యి కూడా మన రాయితోనే ఉండాలనుకున్నాను. ఎవరినీ అడగలేదు. బాగా తెలుసనుకున్న విషయంలోనే మనిషి ఎవరినీ అడగడు. జాగ్రత్తగా ఉండాల్సింది అక్కడే.

పగిలిన తర్వాత ఇంకో తప్పు చేశాను. ఎవరూ చూడకముందే సిమెంటు మెత్తాను. వారం తిరక్కుండా అదీ ఊడింది. అప్పుడు గానీ పాత బేల్దారి ఒకాయన్ని పిలవలేదు. ఆయన వేలితో బండ అంచు తడిమి, "ముందే అడిగింటే చెప్పేవాణ్ణి కదప్పా. ఇది వానకు నిలుస్తుంది, బరువుకు నిలుస్తుంది. నిప్పుకు నిలవదు" అన్నాడు.

కారణం కష్టమైనదేమీ కాదు. నాపరాయి అంటే సున్నపురాయే. పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టే గనిలో ఉలి పెడితే పలకలుగా లేస్తుంది. ఆ సుగుణమే పొయ్యి దగ్గర లోపమవుతుంది. మంట తగిలిన ముఖం వేడెక్కి సాగుతుంది, వెనక ముఖం చల్లగా ఉంటుంది, పొరల మధ్య చిక్కిన తేమ ఆవిరై తన్నుతుంది. ఇదే జాతి రాయిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల సెల్సియస్‌కు తెస్తే సున్నమైపోతుంది. పొయ్యి అంత కాగనక్కర్లేదు, పగలడానికి అందులో కొంత వేడి చాలు.

మీరు వంటిల్లే కట్టండి, దుకాణమే పెట్టండి, 'ఎలా కనబడుతుంది?' అన్న ప్రశ్నను పక్కన పెట్టి 'దీన్ని ఏది పాడుచేస్తుంది?' అని మొదట అడగండి. ఆరుబయటి వంటింటికి మా సీమలో శత్రువులు తెలిసినవాళ్లే: నిప్పు, నలభై డిగ్రీలు దాటే ఎండ, పడమటి గాలి, ఎప్పుడో వచ్చినా ఒక్కసారిగా కురిసే వాన, చింతపండు పులుసు. ఒక్కొక్కదానికి ఎదురు ఎవరిని నిలబెట్టాలో తేల్చుకుంటే సగం పని అయినట్టే.

ఈ సంగతి మా ఊరి పక్క గుహల్లో ఏనాడో తేలిపోయింది. ముచ్చట్ల చింతమాను గవిలో పురావస్తు పరిశోధకులు పాతరాతియుగపు పొయ్యి ఆనవాలు కనుగొన్నారు. దాని వయసు థర్మోల్యూమినిసెన్స్ పద్ధతిలో దాదాపు 17 వేల ఏళ్లని లెక్కగట్టి నంబి, ఎం.ఎల్.కె. మూర్తి 1983లో ప్రచురించారు. పైన వానకు అడ్డంగా సున్నపురాతి కప్పు, కింద నిప్పుకు మట్టి. ఆ గుహలో వండుకున్నవాళ్ల దగ్గర గ్రంథాలేమీ లేవు. ఏది దేనికి ఓర్చుతుందో ఎరుక ఉంది. ఆ పొయ్యి గురించి తెలిసిన రోజు నాకు నా సిమెంటు మెత్తుడు గుర్తొచ్చి సిగ్గేసింది.

కూల్చేశాను. కట్టినదాన్ని కూల్చేటప్పుడు చేయి ఆడదు. డబ్బు పోయింది కదా, ఇలాగే నెట్టుకొద్దాం అనిపిస్తుంది. ఆ నెట్టుకురావడంలోనే ఏళ్లు గడిచిపోతాయి. ఒక పూట బాధపడి తీసేయండి.

ఈసారి కట్టడానికి తొందరపడలేదు. పెరట్లో మూడు రాళ్లు పెట్టి, నెలరోజులు దాని మీదే వండాం. మీరూ ఇదే చేయండి. పైసా ఖర్చు లేదు, ఏ కాగితం మీది ప్లానూ చెప్పనివి తెలుస్తాయి. మొదట రాళ్లు ఇంటి పడమటి గోడ వారన పెట్టాం. ఆషాఢం గాలి లేవగానే పొగంతా నేరుగా ఇంట్లోకి తిరిగింది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ గాలి పడమటి వైపు నుంచే కదా. రాళ్లను ఇంటికి తూర్పున, దూరంగా జరిపి, పడమట నడుమెత్తు అడ్డుగోడ ఉంటే చాలని తేలింది. మూడుసార్లు జరిపాం. గోడ కట్టాక జరపగలిగేవాళ్లమా?

అంతకంటే పెద్ద విషయం అమ్మ చెప్పింది. నేను గట్టు ముప్పై మూడు అంగుళాల ఎత్తు అనుకున్నాను, ఇంట్లో గ్యాసు గట్టు అంతే కాబట్టి. అమ్మ కట్టె చేతబట్టి చూపించింది: "సంగటి గెలకాలంటే పైనుంచి బలం పడాల నాయనా. అంత ఎత్తులో పెడితే నా భుజాలు పోతాయి." రాగి సంగటి మెత్తగా రావాలంటే ఒళ్లు వంచి, బరువంతా కట్టె మీద వేయాలి. అందుకని పొయ్యి మోకాలెత్తులో, కూరలు తరిగే గట్టు నడుమెత్తులో వేశాం. రోజూ ఆ పని చేసేవాళ్లను అడగకుండా వాళ్ల కోసం ఏదీ తలపెట్టకండి. ఆఫీసులో కొత్త పద్ధతి పెట్టబోయే మేనేజర్‌కూ నేను ఇదే చెబుతాను.

మిగతాది త్వరగా చెబుతాను. మంట తగిలేచోట కాల్చిన ఇటుక, మధ్యలో సిమెంటుకు బదులు మట్టి అడుసు, లోపల పుట్టమన్నూ పేడా వరిపొట్టూ కలిపిన పూత. పూత బీటలిస్తుంది, గుప్పెడు మన్ను తడిపి మళ్లీ పూస్తే సరి. ఇటుకకూ బయటి బండకూ మధ్య వేలెడు సందు వదిలి ఇసుక పోశాం, వేడికి ఇటుక సాగినా బండను తోయకుండా. తరిగే గట్టుకు గ్రానైటు వేయండి. నాపరాయి మీద నిమ్మరసం, చింతపులుసు పడితే పాలిష్ తినేసి మచ్చ మిగులుతుంది, తుడిచినా పోదు. నేలకు మాత్రం మన బండే, అదీ పాలిష్ లేనిది, తడికాలు జారదు. ఎండ పడేచోట నల్ల కడప బండ వద్దు, మధ్యాహ్నం కాలు పెట్టలేం. వంద అంగుళాలకు ఒక అంగుళం వాటం ఇవ్వండి, నీళ్లు నిలవవు. గ్యాసు సిలిండర్ పెడితే నిలువుగా, పొయ్యి కంటే కింద, నేల మట్టాన గాలి ఆడేచోట పెట్టండి. ఆ గ్యాసు గాలి కంటే బరువు, లీకైతే కిందికే దిగి పేరుకుంటుంది.

పొర ఊడిన ఆ బండను పారేయలేదు. తిరగేసి వేపచెట్టు కింద పరిచాం. అమ్మ సాయంత్రాలు దాని మీదే కూర్చుని ఎర్రగడ్డలు తరుగుతుంది.