కొండమీది తెల్లవారుజాముపై ఆటవెలది రాయడం ఎలా?

మర్రిపాడు వైపు వెలిగొండలు పడమట ఉంటాయి. అందుకే అక్కడ తెల్లవారడం చూడాలంటే తూర్పుకు వీపు పెట్టి నిలబడాలి. ముందు శిఖరాలు ఎరుపెక్కుతాయి, ఆపైన వెలుగు వాలు దిగి పొలాలకు వస్తుంది. దీనిమీద మొదటి పద్యం రాసేవారికి నేను ఆటవెలదే చెబుతాను. కందానికీ ఉత్పలమాలకూ ప్రతి పాదంలో రెండో అక్షరానికి ప్రాస కుదరాలి. దీనికి ఆ నిర్బంధం లేదు. పైగా వేమనను విన్న చెవికి ఈ నడక ముందే తెలుసు.

1. చూసింది మామూలు మాటల్లో రాసుకోండి. ఏది ముందు వెలిగిందో, ఏది తర్వాతో ఆ వరుస తప్పకూడదు. ఉదయగిరి కొండయితే 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట ముందు కనిపిస్తుంది.

2. గురులఘువులు గుర్తించండి. దీర్ఘం, సున్న ఉన్న అక్షరం, పొల్లు ఉన్న అక్షరం, జంటాక్షరానికి ముందున్న అక్షరం గురువులు. మిగతావి లఘువులు. గురువు, లఘువు కలిసిన ‘కొండ’ సూర్యగణం. మూడు లఘువుల ‘వెలుగు’ కూడా అంతే. ఇంద్రగణాలు ఆరు: నల, నగ, సల, భ, ర, త.

3. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి కుదరాలి. ఇలా:

కొండ మీది కోట కొసలపై వెలుగూరె
వాలు మీది మంచు వదలిపోయె

కొ–కొ, వా–వ యతులు. మొదట ‘వెలుగు వచ్చె’ అనాలనిపిస్తుంది. అది మూడు లఘువులు, గురువు, లఘువు అవుతుంది. అలాంటి ఇంద్రగణం లేదు. ‘వెలుగూరె’ అంటే సలగణం. గణం కోసం వెతికితే దొరికిన ఈ క్రియ రాతిమీద పాకే వెలుగుకు బాగా సరిపోయింది. ఛందస్సు చేసే మేలు ఇదే. గణం కుదరనప్పుడు మాటను విరవకండి, వేరే మాట వెతకండి.

4. పునరుక్తిని కదలనిదాని మీద పెట్టండి. ‘మీది’ రెండు పాదాల్లోనూ రెండో గణంలోనే ఉంది. కొండ కదలదు, దానిమీద మారేది కోట, మంచు.

5. అంత్యప్రాస కోసం పాదాలన్నీ వచ్చె, తెచ్చె, ఇచ్చె అని ముగించకండి. చెవికి నాలుగూ ఒకే పాదంలా వినిపిస్తాయి.

మూడు, నాలుగు పాదాలు మీవి. వెలుగు ఇంకా పొలాలకు రాలేదు. దాన్ని దింపి, గణాల మధ్య గీతలు గీసి, పైకి చదవండి. గొంతు తడబడినచోట మాట మార్చండి.